బొగ్గుబండికి కడప

ఇప్పటి పోరగాళ్ళకు చెప్తె నవ్వుతరు గని, అప్పట్ల మనిషి కన్న ముందు వాని బండికి మర్యాద దొరుకుతుండె. సైకిల్ మీద పోయేటోన్ని ‘ఏమోయ్’ అని పిలిచినోళ్ళే, అదే మనిషి మోటరు దిగితె భుజం మీది కండువ తీసి కుర్చీ తుడుస్తుండ్రి. ఇచ్చోడకెళ్ళి మట్టితొవ్వ పట్టి లోపటికి వస్తె మా ఊరు. ఎడ్లబండ్లు తప్ప సొంత మోటరున్న ఇల్లు ఊర్లె మాదొక్కటే. అందుకనే డిగ్రీ రెండుసార్లు తప్పిన నాకు సుత (మూడోసారి రాయనే లేదు, ఆ ముచ్చట ఇక్కడ అవసరం లేదు) మర్యాదకు కొదువ లేకుండె. మీసం దువ్వుకుంట, ఒక మోచెయ్యి కిటికీల పెట్టుకోని ఆ మోటరు తోలుతుంటె, ఊరంత నన్నే చూస్తున్నదని అనుకునేటోన్ని. నా మర్యాదంత ఆ మోటరు మీదనే ఉన్నదని, ఆ మోటరు అడుగేమో ఎప్పుడో పుచ్చిపోయిందని నాకు చాన్నాళ్ళు తెల్వలే.

అదొక పాత పికప్. ముంగట జీపు మూతి, ఎనుక సామాన్లు ఏసుకునే తొట్టి. నేను పుట్టకముందుదని చెప్తుండ్రి. బెల్లంపల్లిల బొగ్గుబాయిలకు కట్టెలు తోలిన గుత్తేదారు ఒకాయన దాన్ని వాడి వాడి, ఇగ నాతోని కాదని మా బాపుకు అమ్మిండు. ఇంటికి తెచ్చి కడిగితె సందులల్లకెళ్ళి గంపెడు బొగ్గు ఎల్లింది. అవ్వ (నన్ను కన్నతల్లి) ఆ బొగ్గుతోని శానా దినాలు నీళ్ళు కాగబెట్టింది. ఆ మోటరుతోని ఇంటికి వచ్చిన లాభం అదొక్కటేనని ఆమె మాట. ఊరోళ్ళు దానికి బొగ్గుబండి అని పేరు పెట్టిండ్రు. పొద్దుగాల దాన్ని లేపాలంటె మూతి కాడ హ్యాండిల్ పెట్టి తిప్పాలె. ఎండకాలం ఒక్కనితోని అయ్యేది, చలికాలం నలుగురు నూకాలె, వానకాలమైతె తలకాయ గోక్కుంట దాని చుట్టు తిరగాలె.

తొట్టి అడుగంత కట్టెది. కింద ఇనుప చట్రం, దాని మీద పొడుగు చెక్కలు, చెక్కకు చెక్కకు నడుమ ఇనుప పట్టీ, ఆ పట్టీలు లేవకుండ బోల్టులు. పత్తి ఏసినం, జొన్నలు ఏసినం, మేకలను ఎక్కిచ్చినం, ఒకసారి ఈనేటందుకున్న బర్రెను సుత పశువుల దవఖానకు తీస్కపోయినం. (తొవ్వలనే ఈనింది, అది వేరే కథ.) ఇన్నిటి మీద పడ్డ తడి ఆ చెక్కలు తాగుకుంట వచ్చినయి. ఒక ఏడు వానలకు సందులల్ల జొన్న మొలకలొచ్చినయి. చూసినోళ్ళు నవ్విండ్రు, నేను సుత నవ్విన. ఎక్కడ మెత్తగ అనిపిస్తె అక్కడ ఒక గోనెసంచి కప్పుడు, అదే నా రిపేరు.

గిట్ల నడుస్తున్న కాలంల మా అక్క మొగడు, అంటె మా బావ, ధర్మపురికెళ్ళి నాకొక సంబంధం తెచ్చిండు. బావ నోరు శానా మంచిది. అబద్ధం సుత ఆయన చెప్తె ఇనబుద్ధి అయితది. పిలగానికి సొంత మోటరున్నదని, జిల్లా అంతట తిరుగుతదని అక్కడ చెప్పి వచ్చిండు. పిల్లను చూడవోతె ఆమె చాయ తెచ్చి ఇచ్చింది. మా నాయినమ్మ, బాపును కన్నతల్లి, ఊకోదు కద, ‘బిడ్డా, నువ్వేమన్న అడుగుతవా పిలగాన్ని’ అన్నది. పెద్దోళ్ళందరు నాయినమ్మ దిక్కు గుర్రుగ చూసిండ్రు. ఆ పిల్ల తల వంచుకోనే, మోటరు మీరే తోల్తరా అని మెల్లగ అడిగింది. నేను రొమ్ము ఇరుచుకోని ‘ఆ’ అన్న. ఆమె నా చేతులల్ల ఉన్న చాయ కప్పు దిక్కు చూసింది. దాని మీద నా చేతి ఏళ్ళ నల్లటి గ్రీసు అచ్చులు అచ్చులుగ పడ్డయి. ముంతకు మూత పెట్టినట్టు కొంగు మూతికి అడ్డం పెట్టుకోని లోపటికి ఉరికింది గని, లోపటికెళ్ళి నవ్వు ఇనబడనే ఇనబడ్డది. ఇగ నా పని అయిపోయింది. చేసుకుంటె గా నవ్విన పిల్లనే చేసుకోవాలె అని వచ్చేటప్పుడు తొవ్వ పొంటి అనుకుంటనే వచ్చిన.

మా దిక్కు పిల్లను చూసినంక పిల్ల తరఫోళ్ళు ఇల్లు చూడ వస్తరు. పిల్ల తండ్రి వచ్చిండు. ఇప్పుడైతె మామ అంటున్న గని అప్పుడు ఆయనను చూసి నేను బావ ఎనుకకు జరిగిన. గోదారి ఒడ్డు మీద వ్యవసాయం, నుదుటికి నామం, చేతికి వెండి కడెం. ఏది చూసినా ఏలు మడిచి టకటక కొట్టి చూసుడు ఆయన అలవాటు. మా దర్వాజ కొట్టిండు, జొన్నల గుమ్మి కొట్టిండు, కంచు చెంబు కొట్టిండు. కొట్టిన కాడల్ల తల ఊపుకుంట వచ్చిండు. బావ నా చెవుల, పని అయిపోయింది పో అన్నడు. ఇగ మోటరు కాడికి వచ్చినం. ఆయన మూతి మీద కొట్టిండు, మడ్గాడు మీద కొట్టిండు, ‘ఎనుక ఎంత బరువు మోస్తది’ అనుకుంట తొట్టి ఎక్కిండు. ఎక్కి, నేను కప్పిన గోనెసంచి మీద నిలబడి, కాలుతోని ఒక్కటి తొక్కిండు.

ఎడమ కాలు మోకాలు దాక కిందికి దిగింది. మీద సగం మనిషి, కింద ఒక కాలు. కింద కాలు అటు ఇటు ఊగుతుంటె మా కుక్క పోయి చెప్పు వాసన చూసింది. బాపు, చిన్నబాపు (బాపు తమ్ముడు) కలిసి చంకల చేతులేసి ఆయనను మీదికి గుంజిండ్రు. అవ్వ పసుపు నూరి తెచ్చి గీరుకపోయిన కాడ పెట్టింది. ఆయన నీళ్ళు తాగి, ధోతి దులుపుకోని, బాపు దిక్కు తిరిగిండు.

“పటేలా, కాలు గీరుకపోయినందుకు నాకు రంది లేదు. రోజు ఎక్కి దిగే బండి అడుగు ఏమైందో చూసుకోనోడు రేపు నా బిడ్డ సుఖదుఃఖం ఏం చూస్తడు? పూలుపండ్లకు మీరు గీ బండిలనే రాండ్రి. నేను మల్ల ఎక్కి చూస్త. మాట అప్పుడే ఇస్త.”

పూలుపండ్లంటె మా దిక్కు మాట ఖాయం చేసుకునుడు. పంతులు పెట్టిన దినం శానా దగ్గర్ల ఉండె. ఆయన పోయినంక బాపు నన్ను తిట్టలే. తిడితె బాగుండు అనిపించింది. గోనెసంచి తీసి ఆ బొంద దిక్కు కొంచెంసేపు చూసి, ‘పూలుపండ్ల లోపట గిది బాగైతె సరి, లేకుంటె బండిని పాతసామాన్లోనికి ఇచ్చి పిలగానికి ఎద్దులను కొనిస్త’ అని అవ్వకు చెప్పి పొలం పోయిండు. పిల్ల పోతది, బండి సుత పోతది, ఎద్దులొస్తయి.

పాత చెక్కలు ఊడబెరుకుడే పెద్ద పురాణమైంది. బోల్టులు తుప్పు పట్టి పట్టీలతోని ఒక్కటైనయి. కిరోసిన్ పోసి నానబెట్టి పానా పెడితె పానా జారి నా ఏళ్ళు దోక్కపోయినయి. సుత్తె పెట్టి కొడితె నట్టు కదలలే గని మడ్గాడు ఊడింది. ఆఖరికి ఆక్సా బ్లేడుతోని ఒక్కో బోల్టు కోసినం. చెక్కలు లేపితె కింద బర్రె మెడకు కట్టిన గంట ఒకటి, అక్క చిన్నప్పుడు పోగొట్టుకున్న కాలిపట్టా ఒకటి దొరికినయి. (ఆ పట్టాకు అప్పట్ల నన్ను కొట్టిండ్రు.) ఇనుప చట్రానికి ఎర్రరంగు పూసి, ఇగ కొత్త చెక్కలు ఏసుడే తరువాయి అనుకున్నం. అప్పుడు తెలిసింది అసలు సంగతి. చుట్టు ఎటు చూసినా టేకు అడివి, గని మాకు ఒక్క టేకు చెక్క దొరకదు. జంగ్లాతోళ్ళ, అంటె ఫారెస్టోళ్ళ, పర్మిషన్ కాయితం లేకుండ పుల్ల ఇరిస్తె పట్టుకపోతరు. డిపోల వేలం పాటకు ఇంక శానా దినాలున్నది. మామిడి చెక్క ఏస్తె రెండు వానలకు మల్ల మామ కాలు దిగుతది. మోదుగు, తుమ్మ అని ఒక్కొక్కలు ఒక్కో చెట్టు పేరు చెప్పి పోయిండ్రు. పచ్చి చెక్క ఎండినంక వంకర తిరుగుతది, పూలుపండ్లు దాని కోసం ఆగవు.

అప్పుడు చిన్నబాపుకు యాదికొచ్చింది. మా పాత ఇల్లు కూలినప్పుడు దాని పెద్ద దర్వాజ తలుపులు కొట్టంల గోడకు ఆన్కిచ్చి పెట్టిండ్రు. అసలు టేకు, నాలుగు వేళ్ళ మందం, నిండ చెక్కిన తామరపూలు. మా తాత తండ్రి చేపిచ్చిండట. ఆ మాట ఇనంగనే నేను కొట్టంలకు ఉరికిన. నాకన్న ముందు నాయినమ్మ ఉరికింది. తలుపుకు అడ్డం నిలబడి, నేను ఈ తలుపులల్లకెళ్ళే కొత్త కోడలుగ వచ్చిన, మీ తాతను ఈ తలుపులల్లకెళ్ళే సాగదోలిన, దీన్ని కోసి మేకల కింద ఏస్తర్ర అని ఏడుపు మొదలువెట్టింది. అందరు నా దిక్కు చూసిండ్రు.

నేను నాయినమ్మ పక్కకు పోయి కూసున్న. వాదులాడలే, ఆమెతోని ఎవలు గెలువరు. చాయ కప్పు మీద పడ్డ గ్రీసు అచ్చుల ముచ్చట చెప్పిన, ఆ పిల్ల నవ్వింది చెప్పిన. ఇంటోళ్ళెవలకు అప్పటిదాక చెప్పలే. ఆమె కొంగుతోని ముక్కు తుడుసుకోని శానాసేపు తలుపు మీది పూలు తడుముకుంట కూసున్నది. ఆఖరికి ఒప్పుకున్నది గని ఒక షరతు పెట్టింది. మేకలను ఎక్కియ్యద్దు, చెప్పులతోని ఎవలు తొక్కద్దు. ఆ ఘడియల ఆమె నన్ను తలకిందికి నడువుమన్నా నడుస్త. సరే అన్న.

మా ఊరి వడ్లాయన ఎడ్లబండ్లు, నాగండ్లు, తలుపులు చేసిండు గని మోటరు మీద ఎప్పుడు ఉలి పెట్టలే. వచ్చిన కాడికెళ్ళి ఆయనకొక్కటే పరేషాన్. తామరపూలు కిందికి ఏస్తె బురద కొడ్తది, మీదికి ఏస్తె జనం తొక్కుతరు. రంపం పక్కకు పెట్టి బీడీ ముట్టిచ్చి, ఇది నాతోని తెగే పంచాయితి కాదు, మీరే తెంపుండ్రి అని కూసున్నడు. పూలు మీదికే ఉండాలె, అందుకనే కద చెప్పులిడువుమన్న అని నాయినమ్మ తీర్పు చెప్పింది. తలుపులు పొడుగు కోసి, చట్రానికి కొలిచి, నడుమ పాత పట్టీలు కొట్టి, కొత్త బోల్టులు బిగిచ్చినం. నాయినమ్మ కుసుమనూనె తెచ్చి బట్టతోని రుద్దింది. నా జన్మల ఆ బండి గంత మంచిగ ఎప్పుడు కనబడలే. గని ఎనుక అంచు కాడ జానెడు కట్టె తక్కువ పడ్డది. వడ్లాయన కొట్టమంత తిరిగి, ఆ తలుపుల కిందనే ఒకప్పుడు ఉన్న కడపను మోసుకచ్చి అక్కడ అడ్డంగ ఏసిండు. చేసి పెట్టినట్టు కూసున్నది.

తెల్లారి లేచి చూస్తె కడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, రెండు దిక్కుల మోదుగు పువ్వు పెట్టి ఉన్నది. నాయినమ్మా గిది మోటరు, ఇల్లు కాదు అని నేను మొత్తుకుంటె, ఆమె పసుపు చేతులు కడుక్కుంట, తలుపున్నది, కడపున్నది, ఇగ ఇల్లు కాక ఏందిరా అన్నది. బాపు మూతి పక్కకు తిప్పుకోని నవ్వుకుంట పోయిండు. ఆయన నవ్వంగ చూసి నాకు జర పానం నిమ్మలమైంది.

పూలుపండ్ల దినం తెల్లారకముందే ఇంటి ముంగట చుట్టాలంత జమైండ్రు. చిన్నబాపు ముందే అందరికి షరతు చెప్పి ఉంచిండు, ఒక్కొక్కలు చెప్పులిడిసి కడపకు మొక్కి తొట్టి ఎక్కిండ్రు. చెప్పులు పట్టుకోని ఎక్కవోతె నాయినమ్మ, ఇంటి తలుపు మీద చెప్పులు పెడ్తర్ర అని గద్దిచ్చింది. అందుకని చెప్పులన్ని ఒక పెద్ద గోనెసంచిల ఏసి, ఎనుక కొక్కానికి కట్టాలని అనుకున్నం. నేను సుత, కొత్త బూట్లు కరుస్తున్నయని ఇడిసి ఆ సంచిలనే ఏసిన. ముంగట రేకు అడుగున్న కాడ, డ్రైవర్ పక్కకు నాయినమ్మ ఒక్కతే చెప్పులేసుకోని దర్జగ కూసున్నది. ఆమె షరతు తొట్టికే గని రేకుకు లేదు. నలుగురు నూకితె బండి లేచింది, గంపలు ఎక్కినయి, కొబ్బరికాయ కొట్టినం, బయలెల్లినం.

నిర్మల్ దాటి అడివి తొవ్వల చెట్టు నీడకు ఆపి, జొన్నరొట్టెలు, ఎల్లిపాయకారం ఇప్పినం. ఎనుక కూసున్న చుట్టమొకాయన మరుగుకు పోవాలె, ముండ్లున్నయి, నా చెప్పులియ్యిండ్రి అన్నడు. చిన్నబాపు ఎనుకకు వంగి చూసిండు. కొక్కెమున్నది, సంచి లేదు. నేను అల్లుని చేతికిచ్చిన అన్నడు చిన్నబాపు. ఇచ్చిండ్రు గని అంతలనే పండ్ల గంప ఎత్తుమన్నరు, సంచి గోడకు ఆన్కిచ్చిన అన్నడు బావ. రొట్టె చేతుల పట్టుకోని అందరు ఒకల కాళ్ళు ఒకలు చూసుకున్నరు. ఎనుకకు పోయి తెచ్చే టైం లేదు. తొవ్వల ఏదన్న ఊర్లె కొందామంటె, ఇందరి కాళ్ళకు కొలతలు చూసుకుంట దుకాన్ల కూసుంటె వర్జ్యం వస్తదని బాపు ఒప్పుకోలే. ఏమైతె అదైతది, పోనియ్యి బండి అన్నడు.

ధర్మపురి చేరేటాళ్ళకు ఎండ నడినెత్తికొచ్చింది. మామ ఇంటి ముంగట నిలబడి ఉన్నడు, ఆయన ఎనుక వాళ్ళ చుట్టాలు. మేము ఒక్కొక్కలం దిగినం. దిగినోళ్ళు దిగినట్టు ఒక కాలు ఎత్తి ఒక కాలు పెట్టుకుంట ఎగురుడు మొదలువెట్టిండ్రు. బండ పరిచిన వాకిలి, పెనం లెక్క కాలుతున్నది. పట్టుచీరెలు, జరీ కండువలు, కింద వట్టి కాళ్ళు. మామ అందరి కాళ్ళ దిక్కు ఒక్కసారి చూసి, ఏమైంది అన్నట్టు తల ఎగరేసిండు. బాపు నోరు తెరిచేలోపు బావ ముంగటికొచ్చి చేతులు జోడిచ్చి, నర్సింహస్వామి ఉన్న ఊరు, చెప్పులతోని అడుగు పెట్టద్దని ఇంటికాన్నే అందరం మొక్కుకోని వచ్చినం అన్నడు. ఆయన గొంతుల ఎంత భక్తి ఉండెనంటె, నాకే నిజమా అనిపించింది.

మామ చేతులెత్తి మొక్కిండు. అంత పెద్ద మొక్కుకోని వచ్చి ముందు మా ఇంట్ల కూసునుడేంది, మొక్కు తీరినంకనే అన్నీ, పాండ్రి అని తన చెప్పులు సుత ఇడిసి ముంగట నడిసిండు. ఇగ ఏమంటం. ఆ ఎండల గుడిదాక నడిసినం, అక్కడికెళ్ళి గోదారికి దిగి కాళ్ళు కడిగినం, గుడి చుట్టు తిరిగినం, ఇంకో తొవ్వల దూరం తిరిగి ఇంటికొచ్చినం. మామ మాత్రం తొవ్వ పొంటి నీడకెళ్ళి నడిసిండు. ఆయనకు ఊరు ఎర్కనాయె. బావ అరికాళ్ళకు బొబ్బలొచ్చినయి. అక్క ఆయన దిక్కు ఎంత కోపంగ చూస్తున్నదో నేను సుత చూసిన.

తిరిగొచ్చేటాళ్ళకు నాయినమ్మ అరుగు మీద చల్లగ మజ్జిగ తాక్కుంట కూసున్నది. గుడికి తెల్లారి పోత అని ఆమె అక్కడనే ఉండిపోయిండె. కాళ్ళ కింద ఆమె చెప్పులున్నయి. మామ ఆ చెప్పులు చూసిండు. “అవ్వా, అందరికి మొక్కు ఉన్నది, నీకు లేదా?” అన్నడు.

“మొక్కేంది బిడ్డా?” అన్నది నాయినమ్మ. “చెప్పులు ఇంటి కాడ మరిసిండ్రు.”

ఇగ అడగాల్సిన అవసరం లేకుండ ఆమే అంత చెప్పింది. తలుపు కోసుడు, పూలు మీదికి ఏసుడు, షరతు, సంచి, గోడ. బావ ఉన్న కాన్నే చిన్నగైపోయిండు. బాపు నేల చూపులు చూసుకుంట నిలబడ్డడు. పుచ్చిన బండికి తోడు ఇప్పుడు దేవుని మీద అబద్ధం. దర్వాజ ఎనుక గాజులు చప్పుడైనయి, ఆ పిల్ల అక్కడనే నిలబడి అంత ఇంటున్నది. పిల్ల పోయింది, ఎద్దులే నాకు గతి అనుకున్న.

మామ చెప్పులేసుకోని బండి దిక్కు నడిసిండు. మేమందరం ఎనుక. తొట్టి కాడికి పోయి, ఎనుక రేకు దించి, ఎక్కేటందుకు కాలు ఎత్తిండు. ఎత్తిన కాలు అట్లనే ఆగింది. ఎదురుంగ పసుపు రాసిన కడప, దుమ్ము పడ్డా బొట్లు చెదరలే. కాలు దించిండు. చెప్పులు ఇడిసి పక్కకు పెట్టిండు. కడపను చేతితోని ముట్టి కండ్లకద్దుకోని, కుడికాలు ముందు పెట్టి లోపటికి పోయిండు. ఎవలు ఇడువుమనలే ఆయనను. తొక్కి చూస్తడేమో అని నేను చూస్తున్న. తొక్కలే. తామరపువ్వు పక్కకు తప్పిచ్చి కూసున్నడు. కూసోని, ఏలు మడిచి చెక్క మీద టకటక కొట్టిండు. అసలు టేకు, ఖంగుమన్నది.

“పటేలా, మీ అల్లుడు చెప్పిన మొక్కు నేను అప్పుడే నమ్మలే,” అన్నడు. “ఇందరు ఒక్కసారి మొక్కుకునుడు నేనెన్నడు చూడలే. అందుకనే గుడి దూరం చేసి తిప్పిన. గని ఇంటి తలుపు మీద చెప్పు పెట్టద్దని ఒక ముసలితల్లి అంటె, ఆమె మాట దాటకుండ ఇంత దూరం వట్టికాళ్ళతోని వచ్చిండ్రు చూడు, గా ఇంట్ల నా బిడ్డకు ఫికర్ లేదు. ఇగ పూలు తియ్యిండ్రి.”

బాపు కండ్లల్ల నీళ్ళు నేను అదొక్కసారే చూసిన. బావకు అన్నిటికన్న ముందు కాళ్ళకు వెన్న రాయమని మామే చెప్పిండు. రాసుకుంట సుత బావ, నా మాటతోనే పని అయ్యింది అంటనే ఉన్నడు. రాత్రి అక్కడనే ఉండి తెల్లారి ఇంటికి వస్తె సంచి గోడకు ఆనుకోని ఉన్నదున్నట్టే ఉన్నది గని, మూతి ఇప్పి ఉన్నది. మా కుక్క నా కొత్త బూట్లల్ల ఒకదాన్ని నమిలి ఎంగిలి చేసి, దాని మీదనే తల పెట్టుకోని పండుకున్నది.

లగ్గం ధర్మపురిలనే అయ్యింది. సాగదోలేటప్పుడు పిల్లను బొగ్గుబండి కాడికి తెచ్చిండ్రు. అక్కడొక పంచాయితి. నాయినమ్మ కొంగుకు కట్టుకోని తెచ్చిన బియ్యం ఒక చెంబుల పోసి ఆ కడప మీద పెట్టింది. కొత్త కోడలు ఇంట్లకు వచ్చేటప్పుడు కడప మీది బియ్యం కాలుతోని దాటియ్యాలె కద, అది ఇక్కడనే కావాలె అన్నది. పంతులు, ఇది పుట్టింటి వాకిలమ్మా, అత్తగారింటి కడప కాడ చేసే పని అని నెత్తి కొట్టుకున్నడు. ఇదే మా ఇంటి కడప, నేను దీన్ని దాటే వచ్చిన అని నాయినమ్మ అడ్డం నిలబడ్డది. పంతులు ఓడిపోయిండు. ఆ పిల్ల ఏడ్చుకుంటనే కుడికాలుతోని చెంబు దాటిచ్చింది, చెంబు దొర్లి బియ్యం తామరపూల మీద పడ్డయి. ఏడుపు నడుమ ఆమె నా చేతుల దిక్కు చూసింది. పసుపు కింద గ్రీసు ఇంక పోనే లేదు. మల్ల కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.

ఇప్పటికి సుత ఎవలన్న ఆమెను, మీరు ఈ ఇంటికి ఎప్పుడు వచ్చిండ్రమ్మా అని అడిగితె, నేను రాలే, వాళ్ళ ఇల్లే మా వాకిట్లకు వచ్చి నన్ను ఎక్కిచ్చుకోని పోయింది అంటది. బొగ్గుబండి తర్వాత శానా ఏండ్లు నడిసింది. ఇంజను పోయినంక పాతసామాన్లోనికే ఇచ్చినం, ఇనుమంత వాడు తీస్కపోయిండు. చెక్కలు మాత్రం నేను ఇయ్యలే. కరీంనగర్ల ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ కడపను తెచ్చి దర్వాజకు పెట్టిచ్చిన. బోల్టుల బొందలు అట్లనే ఉన్నయి, శుక్రవారం వాటిల్ల పసుపు నిండుతది.

నాకు మాత్రం ఒక రోగం మిగిలింది. మొన్న మా పెద్దకొడుకు కారు ఎక్కేటప్పుడు ఏదో పరధ్యానంల చెప్పులు రోడ్డు మీద ఇడిసి, లోపల కూసోని తలుపేసుకున్న. జగిత్యాల చేరి దిగితె కింద డాంబరు కాలింది. అప్పుడు యాదికొచ్చి, వట్టికాళ్ళతోని ఎగురుకుంట ఇంటికి ఫోన్ చేసిన. అటు దిక్కు గాజులు చప్పుడైనయి. కొంగు అడ్డం పెట్టుకున్నదని నాకు ఇక్కడికే ఎర్కైంది.

“నీడకు నిలబడయ్యా,” అన్నది ఆఖరికి. “మా బాపు ఉంటె, చూసి నీకు మల్ల పిల్లనిస్తుండె.”